వేసవి సూదికి మూడు రోజుల నీడ

ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ సంచాలకులు గారికి,

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరికీ ఆత్మకూరుకీ నడుమ ఒక ఊళ్లో గొడ్లను నమ్ముకుని బతికే ఇంటి నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేరుగా మీ ఆఫీసుకు పంపకుండా పత్రికకు ఇస్తున్నానంటే, ఇందులో సగం మాటలు మాలాంటి రైతులు కూడా చదవాల్సినవి కాబట్టి.

ఎండాకాలంలో గొడ్డుకు వేయించిన కృత్రిమ గర్భధారణ సూది నిలవదని మా వైపు ఏ రైతునడిగినా చెబుతాడు. ఎందుకు నిలవదో అడగండి, ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. వీర్యం మంచిది కాదంటాడొకాయన. సూది వేసిన కుర్రాడికి చెయ్యి తిరగలేదంటాడింకొకాయన. మూడోసారి కూడా తిరగపొర్లి మళ్లీ ఎదకొస్తే తప్పు గొడ్డు మీదికి పోతుంది. గొడ్డుమోతుదని ముద్ర వేసి సంతకు తోలేస్తారు. ఇంత పంచాయితీలో ఎండ మీద కేసు పెట్టినవాణ్ణి నేను చూడలేదు. ఎండ అంటే పాలు తగ్గుతాయనీ, వడదెబ్బ తగులుతుందనీ మాత్రమే అనుకుంటాం. మీ శాఖ వేసవి జాగ్రత్తల కరపత్రాలు కూడా ఎక్కువగా అక్కడే ఆగిపోతాయి. సూది వేసిన తొలి రెండు రోజుల్లో కడుపులో ఏం జరుగుతుందో వాటిలో ఉండదు. నా ఫిర్యాదంతా ఆ రెండు రోజుల గురించే.

ఆవు ఎదకు వచ్చినప్పటి నుంచి అండం విడుదలయ్యేసరికి ఇంచుమించు 28 నుంచి 30 గంటలు పడుతుంది. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించమని మీ వాళ్లు చెప్పేది అందుకే. వీర్యకణాలు ముందే చేరి, కొన్ని గంటలు లోపల ఉండి, ఫలదీకరణకు సిద్ధమవుతాయి. అండం దిగాక రెండూ కలుస్తాయి. మరో రోజుకు ఆ ఒక్క కణం రెండవుతుంది. ఆ తర్వాత నాలుగు, ఎనిమిది. ఇదంతా గర్భసంచిలో కాదు, అండవాహికలోనే. గర్భసంచిలోకి దిగేది నాలుగో రోజో ఐదో రోజో. అప్పటికి కూడా అది మిల్లీమీటరులో ఐదో వంతుకు మించదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎనిమిది, పదహారు కణాల దశ వచ్చేదాకా పిండం సొంత జన్యువులు పూర్తిగా పని మొదలుపెట్టవు. తల్లి అండంలో దాచిపెట్టిన సరుకుతోనే నెట్టుకొస్తుంది. వేడి వల్ల కణాల్లో పుట్టే విషపదార్థాలకు విరుగుడు చేసుకునే శక్తి దానికి అప్పటికింకా చాలదు. ఆవు ఒంటి వేడి మామూలుగా 38.5 డిగ్రీల సెల్సియస్, మనం వాడే ఫారెన్‌హీట్ థర్మామీటరులో 101.3. అది ఒక్క డిగ్రీ పెరిగితే మనిషికి ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుంది, అంతే. తొలి రోజు పిండానికి అది ప్రాణగండం.

ఇది ఊహ కాదు. 1967లోనే అమెరికాలో ఒక లెక్క తేలింది. సూది వేసిన 12 గంటలకు ఆవు ఒంటి వేడి ఒక డిగ్రీ పెరిగితే చూడి నిలిచేవి నూటికి 61 నుంచి 45కు పడిపోయాయి. 1971లో ఇంకో ప్రయోగం. దాటించిన వెంటనే 72 గంటల పాటు 32 డిగ్రీల గదిలో ఉంచిన పెయ్యల్లో ఒక్కటి కూడా చూడి కట్టలేదు. 21 డిగ్రీల్లో ఉంచినవి నూటికి 48 కట్టాయి. 32 డిగ్రీలంటే మాకు సంక్రాంతి ఎండ. అవి హెర్‌ఫర్డ్ పెయ్యలు, చలిదేశపు జాతి, మన గొడ్లు అంత సుకుమారం కావు. అయినా మా మండలాల్లో మే నెల ఎండ 43, 44 డిగ్రీలు చూస్తుంది.

నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది 1993లో ఫ్లోరిడాలో ఈలీ, డ్రాస్ట్, హాన్సెన్ చేసిన పని. సూది వేయించిన ఆవులను గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు మొదటి రోజు, ఒక గుంపుకు మూడో రోజు, మరొకదానికి ఐదో రోజు, ఇంకొకదానికి ఏడో రోజు వేడి తగలనిచ్చారు. ఎనిమిదో రోజున పిండాలను బయటికి తీసి చూశారు. మొదటి రోజు వేడి తగిలినవాటిలో ఎదిగిన పిండాలు బాగా తగ్గిపోయాయి. మూడో రోజు నుంచి తగిలినవాటికి పెద్దగా తేడా లేదు. అంటే గండం నెలంతా కాదు. సూదికి ముందు ఒక రోజు, తర్వాత రెండు రోజులు కాస్తే గండంలో పెద్ద భాగం గడుస్తుంది. ముందు రోజు ఎందుకంటే, ఎద రోజున పక్వమవుతున్న అండానికి కూడా వేడి తగిలితే పిండం పుట్టుకతోనే దెబ్బతిన్నది అవుతుంది. ఆ తర్వాత మూడో వారం మొదట్లో, పిండం తన ఉనికిని తల్లికి తెలిపే సంకేతం పంపాల్సిన రోజుల్లో, వేడికి ఆ సంకేతం బలహీనపడటం అనే గండం ఇంకొకటి ఉంది. దాన్ని ఇక్కడికి వదిలేస్తాను.

ఈ చావు ఎవరికీ కనబడదు. పదహారో రోజు లోపల పిండం పోతే ఆవుకు తాను కట్టినట్టే తెలియదు, ఇరవై ఒకటో రోజున ఠంచనుగా మళ్లీ ఎదకొస్తుంది. మేమేమో ‘సూది నిలవలేదు’ అంటాం. నిలిచి పోయిందో, అసలు నిలవలేదో చెప్పగలిగినవాడు పల్లెలో ఎవడూ లేడు. ఒక్కో తిరగపొర్లుకు 21 రోజుల మేత. మూడు తప్పితే రెండు నెలలు దాటి ఉత్త మేపు.

మా వైపు వేసవి సూది ఎలా పడుతుందో మీరు చూడాలి. పొద్దున పాలు పితికేటప్పుడు ఆవు ఎద తీగ వేసిందని ఆడమనిషి కనిపెడుతుంది. మగమనిషి ఫోన్ చేస్తాడు. అవతల ఉన్న ఒక్క పశుసంవర్ధక సహాయకుడూ నాలుగు ఊళ్లకు తిరగాలి, ‘తోలుకుని రండి’ అంటాడు. పది దాటాక ఆవును విప్పుతారు. తారురోడ్డు. చెట్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడే పోయాయి. ఆవు నాలుక వెళ్లబెట్టి, నోటి వెంట చొంగ కారుస్తూ, తారు కాలి డెక్కలు మార్చి మార్చి వేస్తూ నడుస్తుంది. సహాయకుడి దగ్గరికి చేరాక ఇనుప చట్రంలో నిలబెడతారు. ఇనుము కాలుతూ ఉంటుంది. నత్రజని క్యానులోంచి వీర్యనాళిక తీసి, వేడినీళ్ల సీసాలో ముంచుతారు. ఆ నీళ్లు 37 డిగ్రీలుండాలి, మరీ వేడిగా ఉంటే మైనస్ 196 నుంచి అంత భద్రంగా తెచ్చిన వీర్యకణాలు అక్కడే చస్తాయి. ఎండలో పెట్టిన సీసా నీళ్లు ఎన్ని డిగ్రీలున్నాయో చూసేందుకు చేతివేలు తప్ప ఇంకేమీ ఉండదు. పని అరనిమిషంలో అయిపోతుంది. అప్పటికి పన్నెండు. మళ్లీ అదే రోడ్డున వెనక్కి. ఇంటికొచ్చాక ఇంటాయన అలవాటుగా రెండు చెంబుల నీళ్లు నడుము మీద కొట్టి, రేకుల కొట్టంలో కట్టేస్తాడు. ఆ రెండు చెంబుల అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో గాని దిక్కు సరైనదే. కావలసింది రెండు చెంబులు కాదు, రెండు రోజులు.

రేకుల కొట్టం సంగతి వేరే చెప్పాలి. నీడ అంటే చల్లన అని కాగితాల మీద ఉంటుంది. పైన సిమెంటు రేకు, చుట్టూ గోడ, మధ్యాహ్నం రెండింటప్పుడు అందులోకి మనిషి పోతే ఊపిరాడదు. ఉపాధి హామీ కింద కట్టిస్తున్న గోకులం షెడ్లు మంచి పనే, కాదనను. కాని రేకు మీద తాటాకో బోదగడ్డో కప్పాలనీ, సున్నం పూయాలనీ, పక్కన కానుగో వేపో నాటాలనీ ఆ నమూనాలోనే రాసిపెట్టి ఉంటే బాగుండేది. ఫ్లోరిడాలోనే 1977 నాటి పరీక్షలో వట్టి నీడ ఉన్న ఆవుల్లో నూటికి 44, లేనివాటిలో 25 చొప్పున చూడి నిలిచాయి. ఫ్యాన్లు లేవు, తుంపర్లు లేవు, నీడ ఒక్కటే.

మీ వేసవి జాగ్రత్తలన్నీ జూన్ మొదటి వారానికి ముగుస్తాయి. మా దగ్గర ఎండ అప్పటికి ముగియదు. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు గాని, మృగశిర వచ్చినా మా రోళ్లకు ఊరట లేదు. నైరుతి మేఘం మా దాకా వచ్చేసరికి ఉత్త గాలే. నెల్లూరుకు అసలు వాన అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్యం తెచ్చేది. అందాకా ఎండ ఉంటుంది, పైపెచ్చు ఉక్క కూడా తోడవుతుంది. దానికి తోడు ఎండ తగిలిన అండాల బాకీ ఒకటి మిగిలి ఉంటుంది. విడుదలయ్యే అండం వారాల ముందు నుంచే లోపల తయారవుతుంటుంది. ఆ తయారీలో ఎండ దెబ్బ తిన్నవి చల్లబడ్డాక కూడా రెండు మూడు ఎదల దాకా వస్తూనే ఉంటాయని ఇజ్రాయెల్ పరిశోధకులు తేల్చారు. ఈ లెక్కన మా మెట్టలో సూదికి నిజమైన మంచి కాలం నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివర దాకా. ఈ మూడున్నర నెలల్లో మీ మనుషులు, మీ నత్రజని, మీ ఎద సమీకరణ మందులు, మీ గర్భకోశ శిబిరాలు అన్నీ మా మీద కుమ్మరించాలి. రాష్ట్రమంతటికీ ఒకే క్యాలెండరు వేస్తే నెల్లూరు మెట్టకు అది కుదరదు.

ఆవుల గురించే మాట్లాడుతున్నాను గాని మా జిల్లాలో ఆవుల కంటే బర్రెలే ఎక్కువ. వాటి కథ ఇంకొంచెం కష్టం. నల్లటి తోలు, చెమట గ్రంథులు తక్కువ, బురదలో పడుకుంటే తప్ప ఒళ్లు చల్లబడదు. చెరువులు మార్చికే అడుగంటుతాయి, ఇప్పుడు కట్టేసి మేపడమే. వేసవిలో చాలా బర్రెలు ఎదకే రావు, వచ్చినా మూగ ఎద. అరుపు లేదు, తీగ అంతంత మాత్రం, తెల్లవారుజామున ఒక గంట కనిపించి పోతుంది. ఆవుల్లో కూడా అంతే, అమెరికాలో లెక్కపెడితే చలికాలంలో ఒక ఎదకు సగటున ఎనిమిదిన్నర సార్లు ఎక్కించుకున్న ఆవులు ఎండాకాలంలో నాలుగున్నర సార్లే ఎక్కించుకున్నాయి. సరైన గంట పట్టుకోలేకపోతే ఆ పైన చెప్పిందంతా వృథా. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లారుజామున ఒకసారి కొట్టంలోకి తొంగిచూడమని ఏ కరపత్రమైనా ఖర్చు లేకుండా చెప్పొచ్చు.

పాలెక్కువిచ్చేదానికే దెబ్బ కూడా ఎక్కువ. పాలు తయారుచేయడమే ఒంట్లో పొయ్యి. 2002లో విస్కాన్సిన్ వాళ్లు వేసవిలో చూస్తే పాలివ్వని పెయ్యల్లో అండాలన్నీ ఫలదీకరణం చెందాయి, పాలిచ్చే ఆవుల్లో నూటికి 55 మాత్రమే. బ్యాంకు అప్పు తెచ్చి కొన్న సంకరజాతి ఆవే ముందు తిరగపొర్లుతుంది. అప్పు వాయిదా మాత్రం తిరగపొర్లదు.

ఇక మా జిల్లా పేరు సంగతి. బ్రెజిల్‌లో గొడ్లలో అత్యధిక భాగం నెలోర్ జాతి. అది మన ఒంగోలు గిత్తే. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ పేరుతోనే ఓడలెక్కింది. 1960 దశకం మొదట్లో వెళ్లిన గొడ్లలో కరవది పేరుతో ఒక ఆబోతు అక్కడ పెద్ద వంశకర్త అయింది. ఈమధ్య వయాటినా-19 అనే నెలోర్ ఆవు 40 కోట్ల పైచిలుకు పలికిందని మన పేపర్లన్నీ ఫొటోలేశాయి. ధర రాశారు. ఆ జాతి పిండాల మీద అక్కడివాళ్లు తేల్చిన సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. సావోపావ్లో రాష్ట్రంలో బొటుకాటులో ఉన్న విశ్వవిద్యాలయంలో పిండాలను 41 డిగ్రీల్లో 12 గంటలుంచి చూస్తే, చలిదేశపు జాతులైన హోల్‌స్టీన్, ఆంగస్ పిండాల కంటే నెలోర్ పిండాలు బాగా తట్టుకున్నాయి. ఈ దేశపు మూపురం గొడ్డుకు ఆ తట్టుకునే గుణం కణంలోనే ఉందన్నమాట, తోలులోనూ చెమటలోనూ మాత్రమే కాదు.

ఇది విని ఎవరైనా ‘అయితే అందరూ ఒంగోలు ఆవులు పెంచండి’ అంటే నేను ఒప్పుకోను. ఒంగోలు ఆవు పాలతో మా ఇల్లు గడవదు. ‘అయితే సంకర ఆవుకు ఒంగోలు వీర్యం వేయండి’ అనడం కూడా ఇక్కడ అంత సులువు కాదు. 2002లో ఫ్లోరిడావాళ్లే మూపురమున్న బ్రాహ్మణ్ జాతితో పరీక్షించారు. అండం బ్రాహ్మణ్ ఆవుదైతే పిండం వేడి తట్టుకుంది. అండం హోల్‌స్టీన్‌దై, వీర్యం బ్రాహ్మణ్‌దైతే ఆ మేలు కనిపించలేదు. తొలి రోజుల్లో పిండం బతికేది తల్లి దాచిన సరుకుతోనే అని పైన చెప్పాను కదా, అదే కారణం కావచ్చు. ఆబోతును మార్చి ఎండ నుంచి తప్పించుకుందామంటే కుదరదు, కనీసం ఆ సూదికి.

దీనికి దారి మా జిల్లాలోనే ఉంది. దేశంలో రెండే జాతీయ కామధేను సంతానోత్పత్తి కేంద్రాలు పెట్టాలనుకుంటే ఒకటి మధ్యప్రదేశ్ ఇటార్సీకి, రెండోది మా కొండాపురం మండలం చింతలదేవికి వచ్చింది. దేశీ జాతుల్ని కాపాడటం దాని పని. ఉదయగిరి నియోజకవర్గంలోనే ఉంది, ఉదయగిరి రైతుల్లో చాలామందికి అందులో ఏం జరుగుతుందో తెలియదు. అక్కడ చేయదగ్గది పిండమార్పిడి. ఏడు రోజుల వయసున్న పిండం అండవాహిక గండం దాటేసి ఉంటుంది. దాన్ని వేసవిలో ఆవు గర్భసంచిలో పెడితే తొలి రెండు రోజుల వేడిని అడ్డదారిలో దాటినట్టే. 1989లో ఫ్లోరిడాలో ఎండాకాలపు పాడి ఆవుల్లో సూదితో నూటికి 13.5 చూడి నిలిస్తే, పిండమార్పిడితో 29 నిలిచాయి. రెట్టింపు దాటింది. పిండమార్పిడి ఖర్చుతో కూడిన పని, అందరికీ చేయమని అడగను. చింతలదేవి చుట్టుపక్కల మండలాల్లో, మూడుసార్లు తిరగపొర్లిన ఆవుల్లో, ఒక్క ఏప్రిల్–జూన్ పరీక్షించి చూడండి. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, ఎంతోమంది పీజీ విద్యార్థులున్నారు. ఒకరి థీసిస్‌కు సరిపోతుంది.

నీళ్ల గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగిస్తే మా వాళ్లు నన్ను తిడతారు. పాలిచ్చే గొడ్డు వేసవిలో తాగడానికే రోజుకు 60, 80 లీటర్లు కావాలి. తడపడానికి వేరే. రోజుకు మూడుసార్లు పశువును కడగమని కరపత్రం అంటుంది. ఉదయగిరి, మర్రిపాడు వైపు ఏప్రిల్లో బోరు గంట పోస్తే గంట ఆగుతుంది, వచ్చే నీళ్లలో ఫ్లోరైడ్. సోమశిల జలాశయం మా పక్కనే ఉంది, హైలెవల్ కాలువ కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్నాం. అందుకే నేను అన్ని గొడ్లకూ ఎండలున్నన్నాళ్లూ నీళ్లు అడగను. సూది వేయించిన గొడ్డుకు మూడు రోజులు అడుగుతాను. ఊళ్లో ఒకేసారి ఎదకొచ్చేవి నాలుగో ఐదో. ఉపాధి హామీ కింద కట్టిన నీటితొట్టి పక్కన తాటాకు పందిరి వేసి, ఒక ఫ్యాను, ఒక గొట్టం పెట్టి, సూది పడ్డ గొడ్డును మధ్యాహ్నాలు అక్కడ కట్టుకోనిస్తే పంచాయతీకి పెద్ద బరువు కాదు.

మిగిలినవి మీ కలం చివర ఉన్నవి. మే నెలలో గొడ్డును నడిపించడం మాన్పించి, తెల్లారి ఏడు లోపలో, పొద్దుగూకాకో మీ సహాయకుడే ఇంటికొచ్చేలా సమయాలు మార్చండి. 1962 నంబరు సంచార పశువైద్య వాహనాన్ని ఆ పనికి వాడుకున్నా సరే. ప్రతి సహాయకుడి సంచిలో రెండు థర్మామీటర్లు పెట్టండి. ఒకటి నాళిక ముంచే నీళ్లకు, రెండోది ఆవుకు. సూది వేసేముందు ఆవు ఒంటి వేడి చూసి, 103 దాటి ఉంటే నీడన కట్టి తడిపి చల్లార్చాకే వేయమని రాతపూర్వకంగా చెప్పండి. ఆ అంకె సూది చీటీ మీద రాయమనండి. రెండొందల రూపాయల లోపు వస్తువు, కొన్నేళ్లు పనిచేస్తుంది.

చివరిది అన్నిటికంటే చౌక. ప్రతి గొడ్డు చెవికీ 12 అంకెల బిళ్ల వేశారు, సూది వేసిన తేదీ, చూడి పరీక్ష ఫలితం భారత్ పశుధన్ యాప్‌లో ఎక్కుతున్నాయి. ఎన్ని సూదులు వేశారన్న లెక్కను మీరు ఎప్పుడూ చెబుతారు. ఏ నెలలో వేసిన సూదుల్లో ఎన్ని నిలిచాయో, మండలాల వారీగా, ఆవులకూ బర్రెలకూ విడివిడిగా తీసి చూపించండి. ఆత్మకూరు, ఉదయగిరి, మర్రిపాడు, సీతారామపురం, దుత్తలూరు, కొండాపురం, ఈ ఆరు మండలాలకు ముందు తీయండి. మే సూదికీ డిసెంబరు సూదికీ మధ్య తేడా లేకపోతే నేను రాసిందంతా తప్పని ఇదే పత్రికలో ఒప్పుకుంటాను. ఉంటే, వచ్చే ఏప్రిల్ లోపల ఆ పట్టికను ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద అంటించమనండి. మే నెలలో సూది వేయించాలా, డిసెంబరు దాకా ఆగాలా అన్నది దాన్ని చూసుకుని మేమే తేల్చుకుంటాం.

ఇట్లు,
ఆత్మకూరు–ఉదయగిరి మెట్ట నుంచి
ఒక పాడి రైతు